బడిలో ఆరోగ్య కార్యక్రమం: హెడ్మాస్టర్ ‘సరే’ అన్నాక ఏం జరుగుతుంది?

పిల్లల ఆరోగ్యం ముఖ్యం కాదనే హెడ్మాస్టర్ ఎక్కడా దొరకరు. అయినా ఎన్నో బడుల్లో ఆటల పీరియడ్ లెక్కల మాస్టారి చేతికి వెళ్లిపోతుంది. కంటి పరీక్షల చీటీలు బీరువాలో ఉండిపోతాయి. చేతులు కడుక్కునే చోట నీళ్లుంటే సబ్బుండదు, సబ్బుంటే నీళ్లుండవు. దీన్ని చూసి స్కూలు పెద్దలకు పట్టింపు లేదని తేల్చేయడం తేలిక. కానీ ఆ తీర్పుతో ఒక్క బిడ్డకు కూడా మేలు జరగదు. వాళ్లు రోజూ దేనికి జవాబు చెప్పుకోవాల్సి వస్తోందో చూస్తే, ఆరోగ్య కార్యక్రమాలు కొన్నిచోట్ల నిలబడి కొన్నిచోట్ల ఎందుకు చల్లారిపోతాయో అర్థమవుతుంది.

ఒక హెడ్మాస్టర్ ఉదయాన్నే తీసుకోండి. ఇద్దరు టీచర్లు సెలవు పెట్టారు, ఆ క్లాసులు ఎవరికి సర్దాలి? నిన్న ఇద్దరు పిల్లలు కొట్టుకున్నారు, తల్లిదండ్రులు వచ్చి ఆఫీసు బయట కూర్చున్నారు. మధ్యాహ్నంలోగా వివరాలు పంపమని పైఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. తొమ్మిదో తరగతిలో ఒక వరసంతా ఖాళీగా ఉంది. నీళ్ల మోటారు పాడై బాత్రూములు తాళం వేసి ఉన్నాయి. వీటిలో ఆఖరిది తప్ప ఏదీ ఆరోగ్యానికి సంబంధించినట్టు కనపడదు. నిజానికి దాదాపు అన్నిటి వెనకా ఆరోగ్యం ఉంది: ఖాళీ వరస వెనక ఆస్తమానో, కడుపు నొప్పో, నెలసరి ఇబ్బందో ఉండొచ్చు. కొట్లాట వెనక నిద్రలేమి, ఇంటి టెన్షన్, నెలల తరబడి సాగిన ఏడిపింపు ఉండొచ్చు. కానీ ఆ పని మీద ‘ఆరోగ్యం’ అని రాసి ఉండదు కాబట్టి, ఆరోగ్య కార్యక్రమం అనగానే ఇవన్నీ అయ్యాక చూసుకునే మరో పనిలా తోస్తుంది.

పైగా ఆరోగ్యం గురించి ఆయన్ని అడిగేవాళ్లు తక్కువ. సమీక్షల్లో ఉత్తీర్ణత అడుగుతారు, హాజరు అడుగుతారు, నిధుల ఖర్చు అడుగుతారు. కంటి పరీక్షలో చూపు తక్కువని తేలిన పిల్లల్లో ఎంతమంది ఈ రోజు కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నారని ఎవరూ అడగరు. శిబిరం జరిగిందా, ఫొటో పంపారా అని మాత్రం అడుగుతారు. అందుకే శిబిరాలు జరుగుతాయి, ఫొటోలు వెళతాయి. హెడ్మాస్టర్ అన్న మాట ఇక్కడ వాడుక కోసం వాడుతున్నాను. ప్రిన్సిపాల్, యాజమాన్యం, ఆ పైన విద్యాశాఖ అధికారులు, అందరికీ ఈ పరిస్థితే. ఒక్కో మెట్టూ పైమెట్టు ఏం అడుగుతుందో దాన్నే కిందికి అడుగుతుంది.

ఆరోగ్యం వైపు నుంచి వచ్చేవాళ్ల లోపం కూడా ఇందులో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోత్సహించిన ‘ఆరోగ్యాన్ని పెంచే బడి’ అన్న పద్ధతి మీద వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2014లో ఒక సమీక్ష వెలువరించింది. 67 ప్రయోగాలను కలిపి చూశారు. పిల్లల వ్యాయామం, శారీరక దారుఢ్యం, పండ్లూ కూరగాయలూ తినడం, పొగాకు జోలికి పోకపోవడం, తోటివాళ్ల వేధింపు తగ్గడం వంటి వాటిలో చిన్నవే అయినా మంచి ఫలితాలు కనిపించాయి. హాజరు, మార్కులు వంటి చదువు సంగతులను మాత్రం చాలా కొద్ది ప్రయోగాలే లెక్కలోకి తీసుకున్నాయి. అంటే హెడ్మాస్టర్ దేనికి జవాబుదారో దాన్ని కొలవకుండానే ఆయన దగ్గరికి వెళ్లి మద్దతు అడుగుతూ వచ్చారన్నమాట. ఆయన మర్యాదగా ‘సరే, చూద్దాం’ అనడంలో వింతేముంది?

ఆరోగ్య కార్యక్రమం అంటే మన మనసులో మెదిలే బొమ్మ కూడా ఇరుకైనదే. డాక్టర్ వచ్చి పరీక్ష చేయడం, లేదా ఎవరో వచ్చి ఒక పాఠం చెప్పడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునెస్కో కలిసి 2021లో ఇలాంటి బడులకు ఎనిమిది ప్రమాణాలు ప్రకటించాయి. వాటిలో పాఠ్యాంశం ఒకటి, వైద్య సేవలు ఒకటి. మిగతావి ప్రభుత్వ విధానం, బడి విధానం, బడి నాయకత్వం, ఊరివాళ్లతో సంబంధాలు, మనసుకు భరోసానిచ్చే వాతావరణం, భవనాలూ పరిసరాలూ. డాక్టర్ చేతిలో ఉన్నది ఒక్కటే. ఎక్కువ భాగం బడి నడిపేవాళ్ల చేతిలోనే ఉంది. ఆరోగ్యం తమ పని కాదు, ఆరోగ్యశాఖ పని అని ఒక హెడ్మాస్టర్ అనుకుంటే సగానికి పైగా దారి అక్కడే మూసుకుపోతుంది.

హాజరు పట్టికలోంచి పుట్టిన ఉద్యోగం

స్కూలు పెద్దల ప్రాధాన్యాలూ పిల్లల ఆరోగ్యమూ ఒకే గీత మీదకు వస్తే ఏమవుతుందో చెప్పడానికి న్యూయార్క్ నగరంలో 1902లో జరిగిన ఉదంతాన్ని మించినది నాకు తెలియదు. అప్పటికి అక్కడి బడుల్లో వైద్య తనిఖీ ఉంది. డాక్టర్లు వచ్చి పిల్లలను వరసగా చూసి, ట్రకోమా అనే అంటు కంటి జబ్బు, తామర, గజ్జి, పేలు ఉన్నవాళ్లకు ఒక కార్డు చేతికిచ్చి ఇంటికి పంపేసేవారు. తనిఖీ పక్కాగా జరిగింది. లోపం ఏమిటంటే, ఇంటికి వెళ్లిన పిల్లలు తిరిగి రాలేదు. కొత్తగా వలస వచ్చిన తల్లిదండ్రులకు ఆ కార్డు మీద ఏముందో అర్థమయ్యేది కాదు. అర్థమైనా ఏం చేయాలో తెలిసేది కాదు. ఆ పిల్లలు వీధుల్లో తిరుగుతూ, ఎవరికి అంటుకుంటుందని తమను బయటికి పంపారో ఆ పిల్లలతోనే ఆడుకునేవారు.

పేదల వాడల్లో నర్సుల సేవ నడుపుతున్న లిలియన్ వాల్డ్ ఒక నెల రోజుల పాటు తన నర్సును ఇచ్చి చూస్తానన్నారు. ఆ నర్సు లీనా రోజర్స్. నాలుగు బడులు, దాదాపు 10 వేల మంది పిల్లలు ఆమెకు అప్పగించారు. చిన్న చిన్న చర్మ వ్యాధులకు బడిలోనే మందు రాసి, కట్టు కట్టి, పిల్లలను తిరిగి క్లాసుకు పంపించేది. సాయంత్రం వాళ్ల ఇళ్లకు వెళ్లి తల్లులకు దగ్గరుండి చేసి చూపించేది. నగరం వెంటనే మరికొందరు నర్సులను పెట్టింది. 1902 సెప్టెంబరులో 10,500కు పైగా పిల్లలను ఇంటికి పంపించగా, 1903 సెప్టెంబరులో ఆ సంఖ్య సుమారు 1,100కు దిగింది. నర్సు చేసింది వైద్యమే. కానీ నగర పాలకుల మనసు మార్చింది హాజరు పట్టిక. బడి నర్సు అన్న ఉద్యోగం అమెరికాలో అలా నిలబడింది.

దాదాపు వందేళ్ల తర్వాత కెన్యాలోని బుసియా ప్రాంతంలో ఇదే సూత్రం మళ్లీ కనిపించింది. 75 బడుల్లో పిల్లలకు దశలవారీగా నులిపురుగుల మాత్రలు వేశారు. మాత్రలు వేసిన బడుల్లో గైర్హాజరు నాలుగో వంతు తగ్గిందని ఆర్థికవేత్తలు ఎడ్వర్డ్ మిగెల్, మైకేల్ క్రెమర్ 2004లో ప్రకటించారు. తర్వాత ఆ లెక్కలను మళ్లీ వేసి చూసినవాళ్లు కొన్ని తప్పులు పట్టారు, పెద్ద వాదమే నడిచింది, పూర్తిగా తెగలేదు. అందుకని ‘మాత్ర వేస్తే హాజరు ఇంత పెరుగుతుంది’ అని ఏ హెడ్మాస్టర్‌కీ హామీ ఇవ్వకూడదని నా అభిప్రాయం. కడుపులో పురుగులున్న బిడ్డకు మాత్ర వేయడానికి ఆ హామీ అవసరం కూడా లేదు. ఒకసారి పెంచి చెప్పి దొరికిపోతే, రెండోసారి నిజం చెప్పినా ఆ ఆఫీసు తలుపు తెరుచుకోదు.

చీటీ ఇంటికి చేరాక

కంటి పరీక్ష ఉదాహరణ కాస్త దగ్గరగా చూద్దాం. ఎందుకంటే ‘మద్దతు’ అన్న మాట ఎక్కడ తెగిపోతుందో ఇందులో స్పష్టంగా కనపడుతుంది. ఒక రోజు గోడకు అక్షరాల చార్టు తగిలించి పిల్లలందరినీ చూస్తారు. చూపు సరిగా లేదనుకున్న బిడ్డకు చీటీ ఇస్తారు. చీటీ పుస్తకాల మధ్య నలిగి ఇంటికి చేరాలి. అమ్మానాన్నల్లో ఒకరు పని మానుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అద్దాలు కొనాలి. తెచ్చాక పిల్ల పెట్టుకోవాలి, వెనక బెంచీవాళ్లు ‘నాలుగు కళ్లు’ అని వెక్కిరించినా తీయకూడదు. రెండు నెలల్లో పుల్ల విరిగితే మళ్లీ చేయించాలి. ఇన్ని మెట్లలో స్కూలు లెక్కలోకి వచ్చేది మొదటి మెట్టు ఒక్కటే. ఇంతమందికి పరీక్ష చేశాం అని రాసుకుని ముగించేస్తారు.

చైనాలో గన్సూ, షాన్‌షీ ప్రాంతాల బడుల్లో చేసిన ప్రయోగం 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఉచితంగా కళ్లజోడు ఇచ్చిన పిల్లల లెక్కల మార్కులు మెరుగుపడ్డాయి. కానీ ఏడాది చివర చెప్పకుండా వెళ్లి చూస్తే, ఉచితంగా ఇచ్చిన బడుల్లో కూడా సగానికి పైగా పిల్లల మొహాల మీద జోడు కనపడలేదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2 వేల మందికి పైగా పిల్లల మీద చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. మొదటి ఏడాది చదవడంలో స్కోర్లు పెరిగాయి. రెండో ఏడాదికి ఆ లాభం నిలవలేదు. జోళ్లు పోవడం, విరగడం ఒక కారణం కావచ్చని వాళ్లు అనుకున్నారు. ఇక్కడ డాక్టర్ చేయగలిగింది ఏమీ మిగల్లేదు. రోజూ ఆ బిడ్డ మొహం చూసేది క్లాస్ టీచర్. ‘నీ జోడు ఏదమ్మా?’ అని అడిగే బాధ్యత ఆ టీచర్‌కు అప్పగించాల్సింది, పదిహేను రోజులకోసారి ఆ జాబితా తెప్పించుకుని చూడాల్సింది హెడ్మాస్టర్. అది జరిగిన బడిలోనే కంటి పరీక్ష కార్యక్రమం ఉన్నట్టు లెక్క.

తర్వాత ఏం చేయాలో తెలియని పరీక్షలు కొన్నిసార్లు చేయకపోవడమే మేలు. పిల్లల బరువు, ఎత్తు కొలిచి, బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క) ఎక్కువుందని ఇంటికి రిపోర్టు పంపే పద్ధతి అమెరికాలో చాలా చోట్ల వచ్చింది. కాలిఫోర్నియాలో 79 బడుల్లో దాన్ని పరీక్షించారు. 2021లో వచ్చిన ఫలితం ప్రకారం, రిపోర్టు పంపడం వల్ల పిల్లల బరువులో ఏ తేడా రాలేదు. సాటి పిల్లల ముందు బరువు తూకం వేయించుకున్న బిడ్డ మనసులో ఏముంటుందో వేరే చెప్పాలా? ఇలాంటి ప్రతిపాదన వస్తే ‘తర్వాత ఏం చేస్తారో చెప్పండి’ అని నిలదీసి, జవాబు లేకపోతే వద్దనే హెడ్మాస్టర్ పిల్లల ఆరోగ్యానికి అండగా ఉన్నట్టే.

టీచర్ నెత్తిన మరో పని

బడిలో ఏ కొత్త కార్యక్రమం వచ్చినా, ‘ఎవరు చేస్తారు?’ అన్న ప్రశ్నకు జవాబు ఒకటే వస్తుంది: టీచర్లు. ఈ జవాబు ఎంతవరకు పనికొస్తుందో బీహార్‌లోని నలందా జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో చేసిన ‘సెహెర్’ ప్రయోగం చూపించింది. 75 బడులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపులో ఈ పనికే శిక్షణ ఇచ్చిన కౌన్సెలర్‌ను బడికొకరి చొప్పున పెట్టారు. వాళ్లేమీ మానసిక వైద్య నిపుణులు కారు. రెండో గుంపులో అదే పనిని అక్కడి టీచర్‌కు శిక్షణ ఇచ్చి అప్పగించారు. మూడో గుంపులో ఎప్పటి పద్ధతే. చేసిన పనులు కూడా పెద్ద హంగామా ఉన్నవి కావు: అసెంబ్లీలో మాట్లాడటం, గోడపత్రిక, పిల్లల బృందాలు, మనసులో మాట రాసి వేయడానికి ఒక పెట్టె, అవసరమైన పిల్లలతో విడిగా కూర్చుని మాట్లాడటం. 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫలితాలు చూస్తే, కౌన్సెలర్ ఉన్న బడుల్లో వాతావరణం ఎంతో మెరుగైంది. వేధింపు, హింస, దిగులు లక్షణాలు తగ్గాయి. టీచర్‌కు అప్పగించిన బడుల్లో మార్పు కనపడలేదు.

దీన్ని టీచర్ల చేతగానితనంగా చదివితే పొరపాటు. పాఠాలు, పరీక్ష పేపర్లు, రికార్డుల మధ్య ఇరుక్కున్న మనిషికి అదనంగా ఇచ్చిన పని అన్నిటికంటే చివర్న జరుగుతుంది. పైగా పొద్దున మార్కుల గురించి మందలించిన మాస్టారి దగ్గరికే మధ్యాహ్నం వెళ్లి మనసు విప్పడం ఏ పిల్లకైనా కష్టం. బ్రిటన్‌లో 84 బడుల్లో 8 వేల మందికి పైగా పిల్లలతో, టీచర్లకు శిక్షణ ఇచ్చి మైండ్‌ఫుల్‌నెస్ (మనసును ఈ క్షణం మీద నిలిపే సాధన) పాఠాలు చెప్పించిన ‘మిరియాడ్’ ప్రయోగం కూడా 2022లో నిరాశే మిగిల్చింది. మామూలుగా జరిగే కార్యక్రమాల కంటే అది మెరుగ్గా ఏమీ పనిచేయలేదు.

మరి టీచర్ చేతుల మీదుగా ఏదీ జరగదా? జరుగుతుంది. ఆ పని టీచర్ కష్టాన్ని తగ్గించేదైతే. 1969లో అమెరికాలో మొదలైన ‘మంచి ప్రవర్తన ఆట’ అందుకు నిదర్శనం. క్లాసును జట్లుగా విడదీసి, అల్లరి తక్కువ చేసిన జట్టుకు గుర్తింపు ఇవ్వడం, అంతే. టీచర్‌కు వెంటనే దక్కేది నెమ్మదిగా ఉన్న క్లాసు. బాల్టిమోర్‌లో 1980ల మధ్యలో ఒకటో తరగతిలో ఈ ఆట ఆడిన పిల్లలను 20 ఏళ్ల ప్రాయంలో మళ్లీ చూస్తే, ముఖ్యంగా చిన్నప్పుడు దుడుకుగా ఉన్న మగపిల్లల్లో, మాదకద్రవ్యాల సమస్యలు తక్కువగా ఉన్నాయి. దాన్ని ఎవరూ ఆరోగ్య కార్యక్రమం అని ప్రచారం చేయలేదు. టీచర్‌కు పనికొచ్చింది కాబట్టి క్లాసులో రోజూ నడిచింది.

దీనికి సరిగ్గా ఎదురు నిలిచే కథ ‘డేర్’ కార్యక్రమం. 1983లో లాస్ ఏంజిలెస్‌లో మొదలైంది. పోలీసు అధికారి యూనిఫాంలో క్లాసుకు వచ్చి మత్తుమందుల ముప్పు గురించి చెప్పేవారు. స్కూలు పెద్దలకు ఎంతో నచ్చింది. టీచర్‌కు భారం లేదు, తల్లిదండ్రులకు భరోసా, నలుగురికీ కనపడే పని. దేశంలోని అత్యధిక స్కూలు జిల్లాలకు పాకింది. కానీ 1994లో అధ్యయనాలన్నీ కలిపి చూస్తే పిల్లల అలవాట్ల మీద దాని ప్రభావం నామమాత్రమని తేలింది. 2001లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ముఖ్య వైద్యాధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక దాన్ని పనిచేయని కార్యక్రమాల్లో చేర్చింది. ఆ తర్వాత దాన్ని మార్చుకున్నారు. హెడ్మాస్టర్ మద్దతు లేకపోతే ఏదీ నిలబడదన్నది నిజమే. మద్దతు పుష్కలంగా దొరికిన ప్రతిదీ పిల్లలకు మేలు చేస్తుందనుకోవడం మాత్రం ప్రమాదం.

టైమ్‌టేబుల్ ఆయన చేతిలోనే ఉంది

బడి ఆరోగ్యానికి డబ్బు కావాలి, సిబ్బంది కావాలి అంటాం. కావాలి కూడా. అయితే అన్నిటికంటే విలువైన వనరు పిల్లల సమయం, దాని తాళంచెవి ఉండేది బడి పెద్దల దగ్గరే. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడుల్లో ఒకటో తరగతి పిల్లలతో మూడేళ్లు ఒక ప్రయోగం చేశారు. సగం బడుల్లో రోజూ ఇంకో 40 నిమిషాలు పిల్లలను ఆరుబయట ఉంచారు. మందు లేదు, పరికరం లేదు. మూడేళ్ల తర్వాత, దూరం వస్తువులు మసకగా కనపడే హ్రస్వదృష్టి మామూలు బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా వస్తే, బయట గడిపిన బడుల్లో 30.4 శాతం మందికి వచ్చింది. 2015లో ఈ ఫలితం వెలువడింది. టైమ్‌టేబుల్‌లో ఒక గీత మార్చినందుకు ఇంత చూపు మిగిలింది.

ఆటల పీరియడ్ సంగతీ ఇదే. 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని 2016 నాటి ప్రపంచవ్యాప్త లెక్క. రోజుకు సగటున 60 నిమిషాలైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పరీక్షలు దగ్గరపడగానే ఆటలు ఆపేసే హెడ్మాస్టర్‌కు చెడు ఉద్దేశం ఉండదు. మార్కులు తగ్గుతాయన్న భయం ఉంటుంది. ఆ భయానికి ఆధారం ఉందా అని అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2010లో 50 అధ్యయనాలను పరిశీలించింది. శారీరక శ్రమకూ చదువుకూ మధ్య చూసిన సంబంధాల్లో సగం చదువుకు మేలు చేసేవి. మిగిలినవాటిలో దాదాపు అన్నీ ఏ తేడా లేనివి. చెరుపు చేసినట్టు కనపడినవి 100కి రెండు కూడా లేవు. ఆట వల్ల మార్కులు ఎగబాకుతాయని ఇది రుజువు చేయదు. ఆట వల్ల మార్కులు పోతాయన్న వాదనకు మాత్రం కాళ్లు విరిచేస్తుంది.

నిద్ర విషయంలో చిక్కు ఇంకా లోతైనది. యవ్వనంలో శరీరం లోపలి గడియారమే కొంత వెనక్కి జరుగుతుంది, పిల్లలు తొందరగా పడుకోమన్నా నిద్రపట్టదు. అందుకే ఆరో తరగతి నుంచి పైబడిన పిల్లలకు బడి ఉదయం 8:30 కంటే ముందు మొదలుపెట్టవద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లో చెప్పింది. సియాటిల్ నగరం 2016లో హైస్కూళ్ల వేళను 7:50 నుంచి 8:45కు మార్చింది. పిల్లల చేతికి నిద్రను కొలిచే పరికరం కట్టి చూస్తే, రోజుకు 34 నిమిషాలు ఎక్కువ నిద్రపోతున్నారు. పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న బడిలో హాజరు కూడా మెరుగైంది. ఇంత తెలిశాక కూడా చాలా చోట్ల వేళ ఎందుకు మారలేదు? ఒకే బస్సు చిన్న పిల్లల్నీ పెద్ద పిల్లల్నీ వంతులవారీగా తీసుకొస్తుంది. సాయంత్రం ఆటల పోటీలకు వెలుతురు చాలదు. అమ్మానాన్నల ఉద్యోగ వేళలు అడ్డొస్తాయి. ఒక్క హెడ్మాస్టర్ వల్ల అయ్యే పని కాదిది. కాలిఫోర్నియా 2019లో చట్టమే చేయాల్సి వచ్చింది, అది 2022లో అమలయింది. కొన్ని ప్రాధాన్యాలను పైనుంచి మారిస్తేనే కింద ఉన్నవాళ్లకు ధైర్యం వస్తుంది.

నీళ్లు, బాత్రూములు, సబ్బు గురించి క్లుప్తంగానే చెబుతాను, కానీ దీన్ని తేలికగా తీసుకోవద్దు. 2019లో ప్రపంచం మొత్తం మీద 81 కోట్ల 80 లక్షల మంది పిల్లలకు తమ బడిలో సబ్బూ నీళ్లతో చేతులు కడుక్కునే వీలు లేదు. బాత్రూము కట్టించడానికి నిధులు ఒకసారి వస్తే చాలు. దాన్ని కడగడానికి మనిషి, సబ్బు, లోపలి గొళ్లెం, నెలసరి సమయంలో వాడిన ప్యాడ్ వేయడానికి మూత ఉన్న బుట్ట, ఇవన్నీ నెలనెలా కావాలి. ఆ నెలవారీ ఖర్చుకు బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు ఉందో లేదో చూస్తే ఆ బడి ప్రాధాన్యం తెలిసిపోతుంది.

పని ఎంత, ఎవరిది, ఎప్పటిదాకా అన్నది తేల్చి చెబితే బడులు ఎంత గొప్పగా సహకరించగలవో ర్వాండా చూపించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా 2011లో హెచ్‌పీవీ టీకా మొదలుపెట్టినప్పుడు ఆరోగ్య, విద్యా శాఖలు కలిసి పనిచేశాయి. ప్రాథమిక బడిలో ఆరో తరగతి ఆడపిల్లలకు బడిలోనే టీకా వేశారు. ఆ రోజు రాని పిల్లలను వెతికి వేసే పనిని ఊళ్లలోని ఆరోగ్య కార్యకర్తలు చూసుకున్నారు. మొదటి ఏడాదే 90 శాతం పైన పిల్లలకు టీకా అందింది. టీచర్ సూది వేయలేదు. బడి తనకు చేతనైనది చేసింది, మిగతాది మరొకరు అందుకున్నారు.

మార్కుల వాదన ఎంతవరకు?

ఇప్పటిదాకా నేను చెప్పినదాంట్లో ఒక ప్రమాదం ఉంది, అది దాచిపెట్టకూడదు. హెడ్మాస్టర్‌ను ఒప్పించాలంటే హాజరు, మార్కులు, క్రమశిక్షణ గురించి మాట్లాడాలి, నిజమే. కానీ ఆరోగ్యానికి విలువ మార్కుల వల్లే వస్తుందన్నట్టు మాట్లాడటం మొదలుపెడితే, మార్కుల్లో కనపడని బాధ అంతా పక్కకు పోతుంది. మానసిక సమస్యల్లో మూడో వంతు 14 ఏళ్ల లోపే, సగం 18 ఏళ్ల లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వాళ్లలో ఎంతోమంది బాగా చదువుతూ, సెలవు పెట్టకుండా, ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా లోలోపల నలిగిపోయే పిల్లలు. హాజరు పట్టిక వాళ్లను పట్టుకోలేదు. మార్కుల మాట ఆఫీసులోకి అడుగు పెట్టడానికి పనికొస్తుంది. లోపలికి వెళ్లాక, బిడ్డ నొప్పి తగ్గడమే ఫలితం అని సూటిగా చెప్పగలగాలి.

ఇంకో చిక్కు బదిలీలు. ఒక హెడ్మాస్టర్ శ్రద్ధతో నడిచిన కార్యక్రమం ఆయన వెళ్లిన మూడో నెలకు ఆగిపోవడం చాలామందికి అనుభవమే. అంటే అది బడి కార్యక్రమం కాలేదు, ఆ మనిషి మంచితనంగానే మిగిలింది. ఆరోగ్యం బడి వార్షిక ప్రణాళికలో రాతపూర్వకంగా ఉండాలి, ఒక డిప్యూటీకో సీనియర్ టీచర్‌కో పేరు పెట్టి అప్పగించాలి, ఆ గంటల మేరకు వాళ్ల పీరియడ్లు తగ్గించాలి. ఈ చివరిది జరగనిదే మొదటి రెండూ కాగితం మీదే ఉంటాయి. నా లెక్కలో మద్దతుకు గట్టి గుర్తు ఇదే: కొత్తగా ఏం చేర్చారని కాదు, దానికి చోటిచ్చేందుకు ఏం తీసేశారని అడగాలి.

కొత్త కార్యక్రమంతో హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లే డాక్టరైనా, స్వచ్ఛంద సంస్థవాళ్లయినా, తల్లిదండ్రులైనా ఆయన సమస్య ఏమిటో ముందు వినాలి. ‘మీ బడిలో ఈ మూడు నెలల్లో ఎక్కువ తలనొప్పి తెచ్చిన విషయం ఏది?’ అని అడిగితే ఆయన చెప్పే జవాబులోనే ఆరోగ్య కార్యక్రమానికి చోటు దొరుకుతుంది. టీచర్ సమయం ఎంత తీసుకుంటారో నిమిషాల్లో చెప్పండి. ఏ కాగితం పని మీరే చేసిపెడతారో చెప్పండి. సమస్య ఉన్న బిడ్డను పంపడానికి ఆస్పత్రిలో ఎవరున్నారో ఫోన్ నంబరుతో సహా ఇవ్వండి. మీరు వెళ్లిపోయాక ఎవరు చూస్తారో కూడా అప్పుడే మాట్లాడుకోండి.

బడి వైపు నుంచి అయితే మొదలుపెట్టడానికి నిధుల కోసం ఆగనక్కర్లేదు. హాజరు రిజిస్టర్ చాలు. పనిదినాల్లో 10 శాతం, అంతకుమించి రాని పిల్లల పేర్లు విడిగా రాయండి. మొత్తం బడి సగటు హాజరు 90 దాటి ఉన్నా ఈ జాబితా పొడవుగానే ఉండొచ్చు, సగటు వాళ్లను కప్పేస్తుంది. ఒక్కో పేరు ఎదురుగా కారణం రాయండి. ‘ఒంట్లో బాగోలేదు’ అని వదిలేయకుండా, ఆయాసమా, పంటి నొప్పా, కడుపు నొప్పా, నెలసరా, రాత్రి నిద్రపట్టకపోవడమా, బడికి రావాలంటేనే భయమా అని క్లాస్ టీచర్ ఆ ఇంటికి ఫోన్ చేసి కనుక్కోవాలి. రెండు నెలల్లో ఆ కాగితం మీద ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో అదే ఆ బడికి కావాల్సిన మొదటి ఆరోగ్య కార్యక్రమం. ఆ కాగితం పట్టుకుని పైఆఫీసుకు వెళ్లే హెడ్మాస్టర్, నర్సునో కౌన్సెలర్‌నో అడిగేటప్పుడు పిల్లల పేర్లతో, పోయిన రోజుల లెక్కతో అడగగలుగుతారు.